నేను పక్కన లేకపోతే పాకం దిగడం లేదు: సారె దుకాణం నడిపేవారి ప్రశ్న

సారె దుకాణం, విజయనగరం

అందరికీ నమస్కారం. విజయనగరంలో గంటస్తంభానికి దగ్గరి వీధిలో మాకు సారె పిండివంటల దుకాణం ఉంది. మా నాన్నగారు ఇంటి అరుగు మీద మొదలుపెట్టిన ఈ పనిని 11 ఏళ్లుగా నేను నడుపుతున్నాను. పెళ్లి సారెకూ, శ్రీమంతానికీ, ఆషాఢం సారెకూ అరిసెలు, పొంగడాలు, సున్నుండలు, కజ్జికాయలు, చలిమిడి 51, 101, 201 లెక్కన ఆర్డరు మీద చేసి ఇస్తాము. వంటశాలలో ఆరుగురు ఆడవాళ్లు, ఇద్దరు మగవాళ్లు పని చేస్తున్నారు. కౌంటరు దగ్గర నా భార్య, ఒక కుర్రాడు ఉంటారు. అమ్మకాలకు లోటు లేదు. దుకాణం బాగా నడుస్తున్నదనే ఊళ్లో అందరూ అనుకుంటారు, నేనూ కాదనను.

అయితే తెల్లవారుజామున 4 గంటలకు బెల్లం కొట్టించడం దగ్గర మొదలయ్యే నా రోజు రాత్రి పదిన్నరకు గల్లా లెక్క కట్టేదాకా ముగియదు. బియ్యం ఎంతసేపు నానాలో, తడిపిండి ఎంత ఆరాలో, పాకం ఎప్పుడు దించాలో, నూనె ఎప్పుడు మార్చాలో అన్నీ నన్నే అడుగుతారు. విడిగా అమ్మే మిఠాయిల పళ్లేల ముందు ఎప్పటిలోగా తినాలో తేదీ రాసి పెట్టాలన్న నిబంధన 2020 అక్టోబరు 1 నుంచి అమలులో ఉంది కదా, ఆ చీటీలు కూడా రోజూ పొద్దున్నే నేనే రాస్తాను. జీఎస్టీ పత్రాలూ నేనే చూసుకుంటాను. జ్వరం వచ్చినా మంచం మీద నుంచి ఫోనులో పాకం రంగు చూసి చెప్పిన రోజులు ఉన్నాయి.

విశాఖపట్నంలో ఒక వ్యాపారి నెలకు 200 కిలోల అరిసెలు, సున్నుండలు తీసుకుంటానని కబురు పంపి నాలుగు నెలలయింది. ఇక్కడి నుంచి 60 కిలోమీటర్ల దూరమే అయినా ఒక్క పూట వెళ్లి కూర్చుని మాట్లాడి రాలేకపోయాను. సిరిమానోత్సవం రోజున మూడు లాంతర్ల దగ్గరి పైడితల్లి అమ్మవారి గుడికీ కోటకూ మధ్య సిరిమాను, అంటే కొసన పూజారి కూర్చునే పొడవాటి మాను, మూడుసార్లు తిరుగుతుంది. మా దుకాణానికి అది కూతవేటు దూరం, అయినా ఆరేళ్లుగా మూకుడు ముందు నిలబడి జనం కేకలు వినడమే తప్ప సిరిమానును కళ్లారా చూడలేదు. మా పాప మొన్న సంక్రాంతికి "నాన్నా, ఈసారైనా వస్తావా" అని అడిగినప్పుడు నాకు జవాబు దొరకలేదు.

నెలకు 18,000 ఇచ్చి ఒక మేనేజరును పెట్టుకోమని కొందరు, కెమెరాలు పెట్టించి ఇంటి నుంచి చూసుకోమని కొందరు అంటున్నారు. ఇలాంటి స్థితి నుంచి బయటపడినవారు ఎవరైనా ఉంటే, మొట్టమొదట మీ చేతిలోంచి ఏ పని వదిలారో, దాన్ని ఎవరికి ఎలా అప్పగించారో చెప్పగలరా? మాఘమాసం ముహూర్తాలు మొదలవబోతున్నాయి కనుక దుకాణం మూసి ఏర్పాట్లు చేసుకునే వీలు లేదు. నడుస్తుండగానే మార్చుకోవాలి.

ఇనుప సామాను, రాజాం

బాబూ, నేను 30 ఏళ్లుగా రాజాంలో ఇనుప సామాను, పైపులు, రంగులు అమ్ముతున్నాను. మీకు ధైర్యం చెప్పే ముందు ఒక జాగ్రత్త చెప్పాలనిపించింది, ఎందుకంటే ఈ విషయంలో నేను ఒకసారి గట్టిగా దెబ్బ తిన్నాను.

మోకాళ్ల నొప్పులు మొదలైన ఏడాది, కౌంటరు పూర్తిగా ఒక కుర్రాడికి అప్పగించి నేను మధ్యాహ్నం దాకా ఇంట్లో ఉండడం మొదలుపెట్టాను. కుర్రాడు నిజాయితీపరుడు, ఆ మాట ఈ రోజుకీ చెబుతాను. కానీ ధర తగ్గించే అధికారమూ, అప్పు రాసుకునే అధికారమూ రెండూ ఒకేసారి వాడి చేతిలో పెట్టాను. మేస్త్రీలు వచ్చి "మీ షావుకారుతో మాట్లాడాము, రాసుకో" అంటే వాడు నమ్మి రాసుకున్నాడు. ఎనిమిది నెలల తరువాత పద్దుల పుస్తకం ముందేసుకుని కూర్చుంటే రెండు లక్షలకు పైగా బాకీ తేలింది, అందులో సగం ఇప్పటికీ రాలేదు. ఎవరి ఇంటి పని ఏ దశలో ఉందో, ఎవరికి ధాన్యం డబ్బు ఎప్పుడు చేతికి వస్తుందో నాకు తెలుసు, ఆ కుర్రాడికి తెలియదు. తెలియని విషయం మీద తీర్పు చెప్పమని వాడిని నిలబెట్టినది నేనే కనుక తప్పు నాది.

ఇప్పుడు సరుకు ఎత్తడం, దించడం, తూకం, బిల్లు, ఒక హద్దు దాకా ధర తగ్గించడం అన్నీ వాళ్లే చూసుకుంటారు. అప్పు మాత్రం నా మాట లేనిదే ఎవరికీ రాయరు. మీరు కూడా ఏది వదలాలో ఆలోచించే ముందు ఏది ఎప్పటికీ వదలకూడదో తేల్చుకోండి. కెమెరాల సంగతి అడిగారు కనుక చెబుతున్నాను, దుకాణంలో దొంగతనం జరిగితే కెమెరా పనికొస్తుంది గాని, పాకం ముదిరిందో లేదో అది చెప్పదు. పైగా మీరు ఇంట్లో కూర్చుని కూడా ఆ తెర వైపే చూస్తూ ఉంటారు.

జీడిపప్పు, పలాస

తమ్ముడు గారూ, మీరు రాసినది చదువుతుంటే మా ఇంటి కథే చదివినట్టు అనిపించింది. పలాస–కాశీబుగ్గలో మాకు చిన్న జీడిపప్పు పరిశ్రమ ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా దగ్గరే తీరం దాటినప్పుడు షెడ్డు రేకులు లేచిపోయాయి, పక్క ఊళ్లలో జీడి తోటలు వేళ్లతో సహా పడిపోయాయి. ఆ నష్టం పూడ్చుకోవాలనే తొందరలో మా ఆయన ప్రతి పనీ తన నెత్తికెత్తుకున్నారు. మరుసటి ఏడాది జబ్బు చేసి 24 రోజులు విశాఖపట్నంలో ఆసుపత్రిలో ఉండవలసి వచ్చింది. అప్పటిదాకా జీతాల పుస్తకం తప్ప మరేదీ చూడని నేను రోజూ షెడ్డుకు వెళ్లవలసి వచ్చింది.

మా పని తెలియనివారి కోసం కొంచెం వివరంగా చెబుతాను. జీడి పిక్కలను ఆవిరిలో ఉడికించి, ఆరబెట్టి, కటింగ్ మిషను మీద పెంకు కొట్టి పప్పు తీస్తాము. ఆ పప్పును పొట్టుతో పాటు డ్రయ్యరులో పెట్టి, తరువాత పొట్టు తీసి, గ్రేడు చేసి, డబ్బాలకు ఎక్కిస్తాము. ఇందులో లాభమూ నష్టమూ తేల్చేది డ్రయ్యరే. తక్కువ ఆరితే పొట్టు అంటుకుపోయి చాకుతో గీకవలసి వస్తుంది, పప్పు మీద గాట్లు పడతాయి. ఎక్కువ ఆరితే రంగు మారి, పెళుసెక్కి, గుండు పప్పు కాస్తా బద్దలవుతుంది. 320 రకం అంటే పౌండు బరువుకు 300 నుంచి 320 గుండు పప్పులు తూగేది, అది బద్దగానో ముక్కగానో మారిన క్షణంలోనే ధర పడిపోతుంది. ఎప్పుడు తీయాలో మా ఆయన తట్టలోంచి నాలుగు పప్పులు తీసి వేళ్ల మధ్య నలిపి చెప్పేవారు. అదేమిటో ఆయన ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

ఆయన ఆసుపత్రిలో ఉన్న మొదటి వారంలో మూడు విడతలు పాడయ్యాయి, కొన్న వ్యాపారి డబ్బాలు వెనక్కి పంపాడు. నేను డ్రయ్యరు గది గుమ్మంలో కూర్చుని ఏడుస్తుంటే, 12 ఏళ్లుగా ఆ తట్టలు మోస్తున్న పెద్దావిడ నా దగ్గరికి వచ్చి "అమ్మా, నిన్నటిది గంట ముందే తీసెయ్యాల" అంది. మరి నిన్ననే ఎందుకు చెప్పలేదని అడిగాను. "నన్నెవరడిగేరమ్మా, తియ్యమని చెప్పడానికి నేనెవర్ని" అంది. ఆవిడకు పని తెలియక కాదు, ఆ మాట అనే హక్కు తనకు ఉందని ఎవరూ చెప్పకపోవడం వల్ల 12 ఏళ్లు ఊరుకుంది. ఆ రోజు నుంచి నేను మేనేజరు కోసం వెతకడం మానేశాను.

ఆవిడా నేనూ కలిసి ఒక పద్ధతి పెట్టుకున్నాము. పై వరస, నడిమి వరస, కింది వరస తట్టల్లోంచి తలా పది పప్పులు తీసి గరుకు గుడ్డలో వేసి నలపాలి. ముప్పైలో 27 పప్పులకు పొట్టు పూర్తిగా రాలితే డ్రయ్యరు ఆపాలి, రాలకపోతే అరగంట ఆగి మళ్లీ చూడాలి. ఆ అంకె ఆకాశంలోంచి ఊడిపడలేదు, ఐదు విడతలు పాడుచేసుకున్నాక తేలింది. గోడ మీద సున్నంతో రాయించి, దాని కింద "ఆపమని చెప్పేది ఈమె" అని ఆవిడ పేరు రాయించాను. మా ఆయన తిరిగి వచ్చాక మొదట నొచ్చుకున్నారు, నా చేతిని నమ్మరా అన్నారు. తరువాత తన వేళ్ల లెక్కనూ గుడ్డ లెక్కనూ ఒక నెల పాటు పక్కపక్కన పెట్టి చూసుకుని, రెండూ ఒకే మాట చెబుతుంటే తృప్తి పడ్డారు. ఇప్పుడు పిక్కల కొనుగోలుకు తానే స్వయంగా ఊళ్లు తిరుగుతున్నారు, ఆ పని మాత్రం మరొకరు చేయలేరు.

మీ వంటశాలలోని ఆరుగురిలో పాకం తెలిసినవారు తప్పక ఉంటారు. ముందు ఆవిడ ఎవరో కనుక్కోండి.

బేకరీ, బొబ్బిలి

పాకం విషయంలో ఒక చిన్న మాట కలుపుతాను. పంచదార పాకం ఉండకట్టే దశకు 112 నుంచి 116 డిగ్రీల సెల్సియస్ మధ్య వస్తుంది, పంచదారతో చేసే మిఠాయిలకు థర్మామీటరు ఒక్కటే దాదాపు సరిపోతుంది. బెల్లానికి అంత సులువు కాదు. అనకాపల్లి నుంచి వచ్చే బెల్లంలోనే ఒక విడతకూ మరో విడతకూ తేమలో, మడ్డిలో తేడా ఉంటుంది. అందుచేత కొత్త బెల్లం బస్తా విప్పిన ప్రతిసారీ మొదటి పాకానికి పళ్లెంలో నీళ్లు పోసి ఉండ పరీక్ష చేయండి, ఉండ సరిగా వచ్చిన క్షణంలో థర్మామీటరు ఎంత చూపిందో ఆ బస్తా మీదే సుద్దతో రాయండి. ఆ బస్తా అయిపోయేదాకా అదే కొలత. మేము కేకులకు పొయ్యి వేడిని ఇలాగే రాసి పెట్టుకున్నాక రాత్రి పని కుర్రాళ్లు నాకు ఫోను చేయడం మానేశారు.

లెక్కల పుస్తకం, శ్రీకాకుళం

నేను శ్రీకాకుళంలో చిన్న వ్యాపారుల లెక్కలు రాసి పన్ను పత్రాలు దాఖలు చేసే పని చేస్తాను. పలాస అక్కగారు చెప్పినది వంటశాలకు సంబంధించిన మాట, నేను పుస్తకాల వైపు నుంచి చూస్తాను.

మీ లాభం ఎంతో మీకు సరిగా తెలియదని నా అనుమానం, తప్పుగా అనుకోవద్దు. సొంత వ్యాపారి తనకు తాను జీతం ఇచ్చుకున్నట్టు రాసినా ఆదాయపు పన్ను లెక్కలో అది ఖర్చుగా చెల్లదు, అందుచేత ఎవరూ దాన్ని రాయరు. రాయనిదాన్ని కాలక్రమంలో లేనిదే అనుకుంటారు. ఉదాహరణకు నెలకు 60,000 మిగులుతున్నదనుకుందాము. మీ స్థానంలో ఒక వంట మాస్టరును పెడితే 25,000, మీ భార్యగారి స్థానంలో మరొకరిని కూర్చోబెడితే 12,000 ఇవ్వాలి. అంటే దుకాణం సంపాదిస్తున్నది 23,000 మాత్రమే, తక్కినది మీ ఇద్దరి కూలి. ఈ లెక్క ముందు వేసుకోకపోతే, మనిషిని పెట్టిన మొదటి నెలలోనే లాభం పడిపోయిందని భయపడి ఆ మనిషిని తీసేస్తారు. నా దగ్గరికి వచ్చే వ్యాపారుల్లో ఎక్కువమంది వెనక్కి తగ్గేది సరిగ్గా ఇక్కడే.

రెండవది విశాఖ వ్యాపారి విషయం. మీ టర్నోవరు 1.5 కోట్ల లోపు ఉండి, మీరు కాంపోజిషన్ పద్ధతిలో, అంటే మొత్తం అమ్మకాల మీద ఒకే లెక్కన, 1 శాతం జీఎస్టీ కడుతున్నట్లయితే, మూడు నెలలకొకసారి సీఎంపీ-08 అనే పత్రాన్ని తరువాతి నెల 18లోగా, ఏడాదికొకసారి జీఎస్టీఆర్-4ను వేస్తే సరిపోతుంది. అది మీరు కూర్చుని చేయవలసిన పని కాదు, ఎవరికైనా అప్పగించవచ్చు. కానీ ఆ పద్ధతిలో ఉన్నవారు పన్ను వసూలు చేస్తూ బిల్లు ఇవ్వకూడదు, కనుక మీ దగ్గర కొన్న వ్యాపారికి పన్ను జమ, అంటే కొన్నప్పటి పన్నును తాను కట్టవలసిన పన్నులో తగ్గించుకునే వీలు, దొరకదు. ఆయన తప్పక ఆ మాట ఎత్తుతారు. పన్ను వేసి బిల్లు ఇచ్చే రెగ్యులర్ పద్ధతికి మారితే ఎంత లాభం, ఎంత పని పెరుగుతుంది అన్నది ఆయన దగ్గరికి వెళ్లే ముందే మీరు ప్రశాంతంగా ఒక పూట కూర్చుని తేల్చుకోవాలి. అలాగే చిన్న పరిశ్రమల కోసం ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ నమోదు చేసుకోండి, దానికి రుసుము లేదు. 2006 నాటి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి సరుకు తీసుకున్నవారు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు చెల్లించాలి. రాజాం పెద్దాయన బాకీల గురించి చెప్పినది మీకు పెద్ద ఎత్తున ఎదురు కాకుండా ఇది కొంత కాపాడుతుంది. ఇవన్నీ యజమాని మాత్రమే ఆలోచించగల విషయాలు, మూకుడు ముందు నిలబడి ఆలోచించగలిగినవి కావు.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే, ఒక చిన్న పుస్తకం జేబులో పెట్టుకుని ఏడు రోజులు మిమ్మల్ని ఎవరు ఏమి అడిగారో ఒక్కొక్క మాటలో రాయండి. జవాబు రాయనక్కరలేదు.

సారె దుకాణం, విజయనగరం

నలభై రోజుల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. మీరందరూ ఇంత ఓపికగా రాసినందుకు ఎంతో ఋణపడి ఉన్నాను.

పుస్తకం రాశాను. ఏడు రోజుల్లో నన్ను 212 సార్లు అడిగారు. పాకం గురించే ఎక్కువ ఉంటుందనుకున్నాను గాని అది 31 సార్లే. అన్నిటికన్నా ఎక్కువగా, 64 సార్లు, "ఈ ఆర్డరు ఎన్నింటికి ఇవ్వాలి, ఏ డబ్బాలో పెట్టాలి" అన్న ప్రశ్నే వచ్చింది, ఎందుకంటే ఆర్డర్లన్నీ నా ఫోనులోనూ నా తలలోనూ ఉన్నాయి. వంటశాల గోడకు నల్లబల్ల కొట్టించి, రేపటి ఆర్డర్లు ఇవాళ సాయంత్రమే రాసే పని కౌంటరు కుర్రాడికి ఇచ్చాను. మూడవ రోజుకే ఆ ప్రశ్న ఆగిపోయింది. తేదీ చీటీలు కూడా వాడే రాస్తున్నాడు, రాత నాకన్నా బాగుంది.

పాకం తెలిసిన ఆవిడ మా అమ్మగారి కాలం నుంచి పని చేస్తున్నవారే. అక్కగారూ, మీరు చెప్పినట్టే అడిగితే, "మీరు ఒక్కోసారి ముదరబెట్టేస్తారు బాబూ, నేను ఊరుకుంటాను" అన్నారు. థర్మామీటరు కొని, బొబ్బిలి వారు చెప్పినట్టు బెల్లం బస్తా మీద అంకె రాస్తున్నాము. రెండవ వారంలో ఒక విడత పాకం లేతగా దిగి 101 అరిసెల ఆర్డరులో సగం నూనెలోనే విచ్చిపోయాయి. నేను గుమ్మం బయట నిలబడి ఉన్నాను, లోపలికి వెళ్లి తెడ్డు లాక్కోవాలని కాళ్లు లాగాయి. వెళ్లలేదు. ఆవిడే మిగిలిన చలిమిడిలో పొడి పిండి కలిపి గట్టిపరిచి తట్టించారు, ఆర్డరు గంట ఆలస్యంగా వెళ్లింది. రాజాం బాబాయి గారి మాట మేరకు ఆర్డరు ఒప్పుకోవడం, ధర చెప్పడం మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను.

ఒక్క ఇబ్బంది మిగిలింది. అంకె చూసి, ఉండ చూసి కూడా ఆవిడ గుమ్మం వైపు తిరిగి నా ముఖం చూస్తారు. నేను తల ఊపితేనే పాత్ర దించుతున్నారు. దీనికి ఏమి చేయాలి?

జీడిపప్పు, పలాస

తమ్ముడు గారూ, మీరు గుమ్మంలో నిలబడినంత కాలం ఆవిడ మీ ముఖమే చూస్తారు, అందులో ఆవిడ తప్పు లేదు. మా ఆయన తిరిగి వచ్చాక మొదటి పది రోజులు డ్రయ్యరు నడిచే వేళకు ఆయనను కావాలనే డబ్బాల గదిలో కూర్చోబెట్టాను. పాకం ఎక్కే వేళకు మీరు కూడా వీధిలో మరో పని పెట్టుకోండి. ముహూర్తాలు లేని ఒక మంగళవారం చూసుకుని, పొద్దున్న బండికే విశాఖపట్నం వెళ్లి ఆ వ్యాపారితో మాట్లాడి సాయంత్రానికి రండి, మధ్యలో ఫోను చేయకండి.

ఇంకొక మాట మొదటిసారి రాసినప్పుడు మరిచాను. మా పెద్దావిడ పేరు గోడ మీద రాయించిన నెల నుంచే ఆవిడ జీతానికి 1,500 కలిపాము. అదివరకు మా ఆయన మోసిన బాధ్యత ఆవిడ మోస్తున్నారు కనుక ఆ డబ్బు ఆవిడకు రావలసినదే. మీరు ఇప్పటిదాకా కలపకపోతే, విశాఖ వెళ్లే ముందే ఆ సంగతి ఆవిడకు చెప్పి వెళ్లండి.